చేవెళ్ళ బాట, శంకరపల్లి పట్టాలు: నిజాము రాజ్యమున పరదేశి నిర్బంధాధికార చరిత్ర

ఒక రాజ్యపు ప్రజ వేరొక రాజ్యమున హత్యకో, దోపిడికో, తిరుగుబాటునకో అనుమానితుడై కనబడినపుడు వానిమీద మొదట చేయివేయు హక్కు ఎవరిది? నేరము జరిగిన దేశముదా? వాడు పుట్టిన దేశముదా? లేక వాడు అప్పుడు నిలిచియున్న నేలను పాలించు ప్రభువుదా? ఆసఫ్‌జాహీల చరిత్రను వ్రాసినవారు సంధిపత్రములను గూర్చియు, సైన్యసహాయపద్ధతిని గూర్చియు, బీరారు వ్యవహారమును గూర్చియు విస్తరించి వ్రాసిరి. ఈ నిర్బంధాధికార ప్రశ్నను మాత్రము న్యాయవాదులకు విడిచిపెట్టిరి. సామాన్యుని మెడకు తగులు రాజ్యాధికారము సంధిపత్రములలో కంటె సంకెలలోనే స్పష్టముగా కనబడును గనుక, ఈ ఉపేక్ష తగినది కాదని నా అభిప్రాయము.

ఈ విషయమును పరిశీలించుటకు చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతము మిక్కిలి అనుకూలమైనది. హైదరాబాదు నుండి పడమరగా బిజాపురమునకు పోవు పాతబాట మీద మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ళ తగులును. ఆ బాటకు ఉత్తరముగా కొలది మైళ్ళ దూరమున వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గము వికారాబాదు, శంకరపల్లి, లింగంపల్లి మీదుగా సాగును. ఈ మార్గము 1874లో తెరవబడినది. 1978 ఆగస్టు 15న ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో నేడు చేవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి మూడును మండల కేంద్రములే. మూడింటను ఒకటే శాసనము చెల్లును. పందొమ్మిదవ శతాబ్దాంతమున అట్లు కాదు. బాట మీద నడచు మనుష్యునికి ఒక న్యాయము, పట్టాల మీద పోవు మనుష్యునికి వేరొక న్యాయము చెల్లెడి కాలమది.

ముందుగా ఒక మాటను విచారింపవలెను. తెలుగున పరదేశి యనగా అన్యదేశీయుడని నిఘంటువుల అర్థము. తెలంగాణపు వాడుకలో దిక్కులేనివానిని, బిచ్చమెత్తువానిని గూడ పరదేశి యనుట కలదు. ఈ రెండవ అర్థము మొదటిదాని నుండియే పుట్టినదనుటకు సందేహింప నక్కరలేదు. తన ఊరు కాని ఊరిలో జామీను నిలుచు వాడు, సాక్ష్యము పలుకు వాడు, అన్నము పెట్టు వాడు లేని మనుష్యుడే పరదేశి. నిజాము ప్రభుత్వపు ఉర్దూ పరిభాషలో ఈ భేదమే ముల్కీ, గైర్‌ముల్కీ అను మాటలలో కనబడును. అరెస్టునకు కచేరీలలో వాడిన మాట గిరఫ్తారీ.

ఇచ్చట మనవారు తరచుగా మరచు సంగతి యొకటి కలదు. కోస్తా జిల్లాలు పదునెనిమిదవ శతాబ్దపు ద్వితీయార్ధమునను, దత్తమండలములు 1800లోను ఇంగ్లీషువారికి చిక్కిన పిమ్మట, గుంటూరు వాడును బళ్ళారి వాడును చేవెళ్ళలో శాసనరీత్యా అన్యరాజ్యపు ప్రజలే. భాష ఒకటి, బంధుత్వము ఒకటి, పండుగ ఒకటి. ప్రభుత్వము మాత్రము వేరు. తెలుగువాడు తెలుగువానికి పరదేశి యగుట ఆ కాలపు రాజకీయము చేసిన పని.

గ్రామములో ఈ పరదేశిని మొదట కనిపెట్టువాడు పోలీసుపటేలు. శిస్తు పని మాలీపటేలుది, లెక్కలు పట్వారివి, కాపలా శేత్‌సిందీలది. క్రొత్తవాడెవడైన ఊరు చొచ్చెనా, చావడిలో రాత్రి నిలిచెనా, వాని సంగతి పోలీసుపటేలు పై అధికారులకు ఎరిగింపవలెను. కాగితము మీద ఇది చక్కని ఏర్పాటే. కాని ఆ వచ్చినవాడు ఏ జాతివాడు, ఏ దొర కొలువువాడు అనుదానిని బట్టి పటేలు చేయి సాగుటయో వెనుకకు తీయుటయో జరిగెడిది. ఏలయన, నిజాము రాజ్యమున అందరు విదేశీయులు ఒకే శాసనమునకు లోబడినవారు కారు.

అరబ్బుల విషయము చూడుడు. కిరాయిసైనికులుగా వచ్చిన అరబ్బులు తమ జమాదారుల మాటకే లోబడియుండిరి. అప్పులిచ్చి, అవి తీర్పని వారిని తమ ఇండ్లలోనే నిర్బంధించు అలవాటు వారికుండెను. అనగా విదేశీయుని పట్టుకొనుట అటుంచి, విదేశీయుడే స్వదేశీయుని పట్టి బంధించెడివాడు. 1853లో మంత్రిపదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు న్యాయస్థానముల నేర్పరచి ఈ స్వతంత్రాధికారమును క్రమముగా అరికట్టెను. ఆయన సంస్కరణములన్నిటిలో నిది ప్రధానమైనదని నేను తలంతును. భూమిశిస్తు సంస్కరణమునకు లభించిన కీర్తి దీనికి లభింపలేదు.

రోహిలాల విషయము ఇంకను తీవ్రమైనది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకులుగా రోహిలాలును ఇతరులును హైదరాబాదు రెసిడెన్సీ మీద పడిరి. ఆనాడు రెసిడెంటు డేవిడ్‌సను. ఫిరంగుల యెదుట ఆ దాడి నిలువలేదు. ఈ నేరము ఇంగ్లీషు ప్రతినిధి నివాసము మీద జరిగినది; జరిగిన నేల నిజాముది. నిందితుని వెదకి పట్టినది రెసిడెన్సీ సిపాయిలు కారు, నిజాము ప్రభుత్వము వారు. తుర్రేబాజ్ ఖాను నిర్బంధము నుండి తప్పించుకొనిపోగా ఆయన తలకు వెల కట్టిరి. 1859లో తూప్రాను దగ్గర ఆయన కాల్చబడెను. అలావుద్దీను అండమానునకు పంపబడెను. పట్టినచేయి ఒకరిది, భయము ఇంకొకరిది, శిక్ష ననుభవించిన ద్వీపమును ఆ ఇంకొకరిదే! సాలార్‌జంగు ఇంగ్లీషువారికి సహాయపడెనని ఆయనను నిందించుట నేడు సులభము. కాని తన రాజ్యములోని నిందితుని తన మనుష్యులే పట్టవలెనను నియమమును ఆయన విడువలేదను సంగతిని గూడ లెక్కలోనికి తీసికొనవలెను. రెసిడెన్సీ సిపాయి తూప్రాను బాట పట్టియుండినచో తరువాతి చరిత్ర వేరుగా నుండెడిది.

యూరోపియనుల మాట దీనికి పూర్తిగా విరుద్ధము. 1861లో నిజాము ప్రభుత్వము తన రాజ్యములోని యూరోపియనుల మీదను, వారి సంతతివారి మీదను విచారణ జరిపి శిక్షించు అధికారమును రెసిడెంటునకును, అతడు నియమించినవారికిని ఒప్పగించెను. ఆ పిమ్మట యూరోపియనుడు నిజాము నేల మీద మనుష్యుని చంపినను నిజాము న్యాయాధిపతి వానిని విచారింపజాలడు. భారతీయుడైన ఇంగ్లీషు ప్రజకు, అనగా గుంటూరు వానికిని షోలాపురపు వానికిని, ఈ ఏర్పాటు వర్తింపలేదు. ఒకే రాణికి ప్రజలైన ఇద్దరిలో ఒకనికి మాత్రము తన దేశపు న్యాయము వెంటవచ్చును, మరియొకనికి రాదు. దీనిని చర్మపు రంగును బట్టి ఏర్పడిన భేదమనుట కంటె వేరుగా చెప్పుటకు మార్గము లేదు.

ఇక పారిపోయి వచ్చిన నిందితుల సంగతి. 1867లో నిజాము ప్రభుత్వమునకును భారత ప్రభుత్వమునకును నేరస్థుల నొప్పగించుటను గూర్చి ఒడంబడిక జరిగెను. 1887లో దానికొక సవరణ చేర్చబడెను. హత్య, దోపిడి మొదలైన ఘోరనేరములకు గురియైనవానిని రెండవ ప్రభుత్వము కోరినపుడు అప్పగింపవలెను. ఊరక కోరిన చాలదు. కోరిక క్రమపద్ధతిలో రావలెను. నిందితుడు దొరకిన దేశపు చట్టమును బట్టి అరెస్టునకు తగినంత సాక్ష్యము చూపబడవలెను. ఈ షరతులోనే అసలు విషయమున్నది. అనుమానము దానంతట అది సరిహద్దు దాటదు. దానికి సాక్ష్యము తోడై, రెండవ ప్రభుత్వపు ఆజ్ఞ చేతికి రావలెను. నిందితుడు ఎంత చెడ్డవాడైనను ఆ నడుమ లభించు కొలదికాలమే వానికి రక్ష.

ఈ రక్షను రైలు వచ్చి చీల్చినది. వాడి–సికింద్రాబాదు మార్గము నిజాము రాజ్యపు ధనముతో వేయబడినది. 1889 నాటికి ఈ రైలు తూర్పున బెజవాడ దాక సాగెను. అయినను బ్రిటిషు భారతపు మార్గములతో కలిసి నడచుచున్నందున రైలు భూములలో శాంతిభద్రతలకు ఒకే అధికారముండుట మంచిదని భారత ప్రభుత్వము కోరగా, నిజాము ప్రభుత్వము రైలుమార్గము పొడవున సివిలు, క్రిమినలు న్యాయాధికారమును ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. 1888లో భారత ప్రభుత్వము దానిని ప్రకటనరూపమున వెలువరించెను. తన సొమ్ముతో వేసిన పట్టాల మీద తన కొత్వాలునకు అధికారము లేకపోవుట విచిత్రమే. ఆనాటి నిజాము మహబూబ్ అలీఖాను. రైలు తెరవబడిన 1874 నాటికి ఆయన బాలుడు.

అప్పుడు వచ్చినది మహమ్మదు యూసుఫుద్దీను వ్యాజ్యము. ఇతడు నిజాము ప్రజ. సిమ్లాలో జరిగినదని చెప్పబడిన లంచపు నేరమును గూర్చి అక్కడి మేజిస్ట్రేటు వారంటు పుట్టించెను. ఆ వారంటు పట్టుకొని నిజాము రాజ్యములోని రైలు భూమి మీద ఇతనిని అరెస్టు చేసిరి. నేరమునకు రైలుతో ఏ సంబంధమును లేదు. నిందితుడు ఆ క్షణమున రైలు హద్దులో నుండుటయే సంబంధము. ఒడంబడిక ప్రకారము అప్పగింపుమని హైదరాబాదు ప్రభుత్వమును అడుగవలసిన పని తప్పినదని పోలీసులు తలంచిరి కాబోలు. ఈ వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక పోయెను. 1897లో లార్డు హాల్స్‌బరీ తీర్పు చెప్పెను.

ఆ తీర్పు వాదక్రమము సరళమైనది. రైలు భూమి నిజాము రాజ్యములో భాగముగానే యున్నది. అది బ్రిటిషు భారతము కాలేదు. అక్కడ ఇంగ్లీషు అధికారులకు గల బలమంతయు నిజాము ఇచ్చిన అనుమతి నుండి పుట్టినదే. భారత ప్రభుత్వపు ప్రకటన ఎంత విశాలమైన మాటలతో నున్నను, ఇచ్చినవాడు ఇచ్చినంత మించి పుచ్చుకొన్నవానికి రాదు. నిజాము ఇచ్చినది రైలు నిర్వహణకును, రైలు మీద జరుగు నేరములకును అవసరమైన అధికారము. ఎక్కడనో సిమ్లాలో జరిగిన నేరమునకు నిజాము ప్రజను నిజాము నేల మీద పట్టు అధికారమును ఆయన ఈయలేదు. కావున ఆ అరెస్టు చెల్లదు.

ఇది లంచపు వ్యాజ్యమే గదా, హత్య దోపిడులతో దీనికేమి పని యని విద్యార్థులు అడుగవచ్చును. తీర్పునకు ఆధారము నేరపు బరువు కాదు, నేల. ఆరోపణ హత్యయైనను ఆ వాదము అక్షరము మారక చెల్లును. పైగా ఘోరమైన ఆరోపణ వచ్చినపుడే పోలీసులు హద్దులను దాటుటకు ఉత్సాహపడుదురు గనుక అక్కడనే దాని ప్రయోజనము హెచ్చు.

దీని ఫలితమును మన ప్రాంతమున ఊహించి చూతము. ఇది ఉదాహరణ మాత్రమే, జరిగిన కథ కాదు. షోలాపురమున హత్య చేసెనని అనుమానింపబడిన వర్తకుడొకడు పారిపోయివచ్చి చేవెళ్ళ చావడిలో పండుకొనెననుకొనుడు. వానిని పట్టవలసినది నిజాము పోలీసు. షోలాపురము వారు రెసిడెంటు మూలముగా కోరి, సాక్ష్యము చూపి, తెప్పించుకొనవలెను. తెల్లవారి వాడు ఉత్తరముగా నడచి శంకరపల్లి ప్లాటుఫారము నెక్కెను. 1897కు పూర్వము అక్కడ వానికి ఈ రక్ష ఏదియు లేదని పోలీసుల వాదము. ఆ వాడే యూరోపియనుడైనచో చావడిలో నున్నను ప్లాటుఫారము మీద నున్నను వానిని విచారింపవలసినది రెసిడెంటు న్యాయస్థానమే. ఒక ఉదయపు నడకలో ఇన్ని న్యాయములు! చేవెళ్ళ పోలీసుపటేలు వీనిలో ఏది ఎరిగియుండును?

ప్రీవీ కౌన్సిలు నిర్ణయమును మరీ కొనియాడుట గూడ తగదు. అది సంస్థానాధీశుని హక్కును కాపాడినది. నిందితునికి మేలు కలిగినది దాని వెంబడి వచ్చిన ఫలము. పదమూడేండ్ల తరువాత జరిగిన మరియొక వ్యవహారము దీనిని స్పష్టపరచును. 1909 డిసెంబరు 21న నాసిక కలెక్టరు జాక్సను హత్య జరిగెను. ఆ హత్యకు వాడిన పిస్తోలు లండను నుండి పంపినవానిలోనిదని వినాయక దామోదర సావర్కరు మీద అనుమానము వచ్చెను. 1910 మార్చిలో లండనులో ఆయనను పట్టి, విచారణకై మోరియా అను ఓడ మీద పంపిరి. జూలై 8న ఆ ఓడ ఫ్రాన్సులోని మార్సేలు రేవున నుండగా ఆయన కిటికీ నుండి దుమికి ఒడ్డు చేరెను. ఫ్రెంచి రక్షకభటుడు ఆయనను పట్టి తిరిగి ఓడలోనివారికే అప్పగించెను. ఫ్రెంచి న్యాయాధిపతి ఎవరును విచారింపలేదు; ఏ కాగితమును పుట్టలేదు.

ఫ్రాన్సు తరువాత అభ్యంతరము చెప్పగా వ్యవహారము హేగులోని మధ్యవర్తి న్యాయస్థానమునకు పోయెను. 1911 ఫిబ్రవరి 24న వారు చెప్పిన తీర్పు ప్రసిద్ధమైనది: అప్పగించిన తీరున క్రమభంగము జరిగినమాట నిజమే; కాని ఇంగ్లీషువారు ఆయనను ఫ్రాన్సునకు తిరిగి ఈయవలసిన బాధ్యత లేదు. ఈ నడుమనే బొంబాయి హైకోర్టు, నిందితుడు తన యెదుటికి ఏ తీరున తేబడెనో విచారింపము, తేబడినవానిని విచారింతుము అని చెప్పి 1910 డిసెంబరులో శిక్షించియుండెను. యూసుఫుద్దీను వ్యాజ్యమున అరెస్టు చెల్లనందున ఫలితము మారినది. సావర్కరు వ్యాజ్యమున అరెస్టు క్రమము తప్పినను ఫలితము మారలేదు. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మన విద్యార్థులకు అలవాటు కాలేదు. చదివినచో ఒక సంగతి కనబడును. నేలదొర గట్టిగా అభ్యంతరము చెప్పి, అది సకాలమున చెవికెక్కినపుడే నిందితునికి గెలుపు. మార్సేలున నేలదొర భటుడే పట్టియిచ్చెను.

తెలుగువారిలో ఈ అనుభవము పొందినవారు దరిశి చెంచయ్య. కనిగిరిలో పుట్టిన ఈయన 1912లో అమెరికాకు చదువునకై పోయి గదరు పార్టీలో చేరెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున సయాము దేశమున పట్టుబడి, బ్రిటిషువారి చేతులలో పడి, కారాగారముల పాలయ్యెను. ఆయన స్వీయచరిత్రము ‘నేను – నా దేశం’ తెలుగు స్వీయచరిత్రములలో ఎన్నదగినది. సాహిత్యవిద్యార్థులు దానిని సంఘసంస్కారదృష్టితోనే చదువుచున్నారు. శాసనదృష్టితో గూడ చదువవలెను. సయాము నామమాత్రపు స్వతంత్రరాజ్యము కాదు, నిజమైన స్వతంత్రరాజ్యమే. కాని 1855 సంధి మొదలు అక్కడ బ్రిటిషు ప్రజల మీది అధికారము కాన్సలునకు దక్కెను. 1909 సంధితో అది సయాము న్యాయస్థానములకు మరలుట ప్రారంభమయ్యెను. ఇది హైదరాబాదు రెసిడెంటు అధికారమునకు తోబుట్టువు వంటిదే. అచ్చట తన దేశపు కాన్సలే తెలుగు విద్యార్థికి శత్రువు. పరదేశమున పట్టుబడినవాడు ఎవరిని పిలువవలెను?

1948 సెప్టెంబరుతో నిజాము పాలన అంతరించెను. 1950లో రాజ్యాంగము వచ్చిన పిమ్మట ఈ చిక్కుల రూపము మారినది. ఇరువది రెండవ అధికరణము అరెస్టు కారణము చెప్పవలెననియు, న్యాయవాదిని సంప్రదింపనీయవలెననియు, ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు యెదుట నిలుపవలెననియు విధించుచున్నది. అక్కడ వాడిన మాట పౌరుడు కాదు, వ్యక్తి. శత్రుదేశీయునికి మాత్రము ఈ రక్షలు వర్తింపవు. 1962లో నేరస్థుల నొప్పగించు చట్టము వచ్చినది. 1963 నాటి వియన్నా ఒడంబడిక ముప్పది ఆరవ అధికరణము ప్రకారము పట్టుబడిన విదేశీయునికి తన దేశపు కాన్సలును పిలుచుకొను హక్కున్నదని అతనికి ఆలస్యము లేక తెలుపవలెను. 1977లో భారతదేశము ఈ ఒడంబడికలో చేరెను. కులభూషణ్ జాధవ్ వ్యాజ్యమున 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానము పాకిస్తాను ఈ నియమమును ఉల్లంఘించెనని తీర్పు చెప్పినది భారతదేశము కోరిక మీదనే. చెంచయ్యకు శత్రువైన కాన్సలు నేడు నిందితునికి దిక్కయినాడు. సంస్థ ఒకటే, పని తలక్రిందులైనది.

అనగా నేడు మొయినాబాదు ఠాణాలో ఒక విదేశీయుడు ఘోరనేరపు అనుమానము మీద నిలిచినను, వానికి గల రక్ష నేలదొర దయ మీద గాని, రంగు మీద గాని ఆధారపడినది కాదు. అది వ్రాతలో నున్న హక్కు. ఆ హక్కును వానికి వాని భాషలో చెప్పువాడు ఠాణాలో ఉన్నాడా యనునది వేరు ప్రశ్న. నిజాము కాలమున తెలుగు రైతు ఉర్దూ కచేరీలో నిలిచి తన మీది ఆరోపణను తాను గ్రహింపలేక వేలిముద్ర వేసిన స్థితికిని దీనికిని భేదము అంత హెచ్చు కాదు.

రైలు భూమి ఈ కథలో మరొకసారి ప్రత్యక్షమైనది. 2000లో సుప్రీముకోర్టు, హౌరా స్టేషనులోని రైల్వే యాత్రినివాసమున అత్యాచారమునకు గురియైన బంగ్లాదేశపు స్త్రీకి రైల్వేబోర్డు నష్టపరిహారమీయవలెనని తీర్పు చెప్పినది. ఆమె పౌరురాలు కాదు గనుక జీవించు హక్కు ఆమెకు వర్తింపదన్న వాదమును న్యాయమూర్తులు త్రోసివేసిరి. యూసుఫుద్దీను వ్యాజ్యమున రైలు భూమి ఎవరి రాజ్యమని మాత్రమే అడిగిరి. ఇచ్చట ఆ ప్రశ్నయే రాలేదు. ఆ భూమి మీద నిలిచినది మనిషియా కాదా యనుట చాలినది.